నీళ్ల సూది

టీకా ఏసుకునేటప్పుడు మీరందరు సూది దిక్కు చూసి ఉంటరు, లేకపోతె కండ్లు మూసుకొని ఉంటరు. సిస్టర్ చేతిల ఉన్న చిన్న సీసను ఎవ్వరు చూడరు. నా నౌకరి అంత ఆ సీసను చూసుడే. నాచారంల ఒక గాజు సీసల కంపెనీల చెకింగ్ సెక్షన్‌ల చేరిన, అదే సెక్షన్‌కు లీడర్‌నైన, మొన్నమొన్ననే రిటైరైన. ముందర ట్యూబులైటు, దాని ఎన్క సగం నల్లగ, సగం తెల్లగ ఉండే అట్ట. సీసను వేళ్ల నడుమ తిప్పి చూడాలె. తెల్ల దిక్కు మచ్చ కనవడ్తది, నల్ల దిక్కు పగులు కనవడ్తది. గంతే పని. ఇనేటందుకు అల్కగనే ఉంటది గని, కొన్నేండ్లు జేసినంక ఇంట్ల మంచినీళ్ల గ్లాసును గూడ లైటు దిక్కు ఎత్తి చూసుడు అలవాటైతది. మా ఆయన నవ్వేటోడు.

ఇప్పుడు మా జాగల కెమెరా మిషన్లు వచ్చినయి. వాటి కాడ పనిజేసే పిల్లలు నేను కనవడ్డప్పుడల్ల కరోనా కాలం సంగతి అడుగుతరు. ఆర్డర్లు డబలైనయట గద అమ్మా, టీకాలకు మన సీసలే పోయినయట గద అని మురుస్తరు. ఏ సీస ఎటు పోయిందో మాకెవ్వరు చెప్పలే బిడ్డా. ఆ కాలం అనంగనే నాకు సీసలు యాదికి రావు. నా పక్క కుర్చీల కూసున్న అక్క యాదికొస్తది. అందుకే ఆమె ముచ్చట చెప్త.

అక్కది నారపల్లి. నాకంటె జర పెద్దది. వాళ్లకు వరంగల్ రోడ్డు పొంటి కొంత చెల్క ఉండె. అన్నదమ్ములు పంచుకొని అమ్ముకున్నరు. అక్కడ వెంచర్ లేచింది, చుట్టు గోడ, పెద్ద గేటు. అక్క పెనిమిటి ఆ గేటు కాడనే వాచ్‌మన్‌గ కుదిరిండు. నేను ఆయనను బావ అనేదాన్ని. "నా చేన్ల నేనే కావలి చెల్లె. గప్పుడు పిట్టలకు, గిప్పుడు కార్లకు" అని నవ్వేటోడు. ఒక్కతే బిడ్డ, భువనగిరి దిక్కు ఇచ్చిన్రు.

అక్క చదివింది ఐదో తరగతి. కాని వార్తలంటె పానం. పొద్దుగాల టీవీల ఇన్నదంత మధ్యాహ్నం అన్నాల కాడ మాకు చెప్పేది. మా సెక్షన్‌ల చెంగిచెర్ల నుంచి వచ్చే చిన్న పిల్లొకతె ఉండె. ఆమె ఫోన్ల వచ్చినయన్ని మోసుకొచ్చేది. ఇద్దరికి రోజు ముచ్చటే.

"అక్కా, మిరియాల కషాయం తాగితె కరోనా రాదట."

"తాగు. కరోనా సంగతేమొ గని జలుబు తగ్గుతది."

"వైరస్ అంటె పురుగా అక్కా?"

"పురుగైతె మన లైటు కింద కనవడకపోవునా? అది మనిషిల సొచ్చేదాక సచ్చినట్టే ఉంటదంట. లోపటికొచ్చినంకనే దానికి పానమంట. టీవీల పెద్ద డాక్టర్ చెప్పిండు."

ఇంకో దినం ఆ పిల్ల ఎవరో పెద్ద మనిషి కరోనాతోని దవాఖానల చేరిన వార్త చదివింది. గంటగంటకు ఆయన పరిస్థితి చెప్తున్నరంట. అక్క పచ్చడి కలుపుకుంట అన్నది, "పెద్దోళ్లకు వస్తె బులెటిన్ ఇస్తరు. మన బస్తీల వస్తె రిబ్బన్ కట్టి బ్లీచింగ్ సల్లుతరు." మేమందరం నవ్వినం. మాస్కులు మెడల కిందికి గుంజుకొని, ఒకరికొకరం దూరం కూసుండి, గొంతులు పెంచి మాట్లాడుకునే దినాలవి. నవ్వు గూడ గట్టిగనే వచ్చేది.

గప్పుడే టీకా పరీక్ష సంగతి వచ్చింది. అక్క ఆడబిడ్డ సిటీల ఒక పెద్ద దవాఖానల ఆయమ్మ. కొత్త టీకా కనుక్కున్నరు, అక్కడ ఏసి చూసేటందుకు మనుషులు కావాలంటున్నరు అని ఆమె చెప్పింది. తెల్లారి అక్క మా అందరి ముందట, "నేను పోత" అన్నది.

చెంగిచెర్ల పిల్ల చేతిల ముద్ద చేతిలనే ఉన్నది. "నువ్వేమన్న ఎలుకవా అక్కా?"

"ఎలుకల మీద చూసిన్రంట, కోతుల మీద చూసిన్రంట. ఇగ మిగిలింది మనమే."

అందరు నవ్విన్రు. నేను నవ్వలే. సాయంత్రం కంపెనీ గేటు కాడ ఆపి అడిగిన, ఎందుకక్కా నీకీ పని అని. "మా పెద్ద పోరడు తట్టు వచ్చి పోయిండు చెల్లె. గప్పుడు సూదులేసే నర్సమ్మ మా ఊరికి వస్తుండె. ఆ దినం నేను నాట్లల్ల ఉండి పోలేకపోయిన" అన్నది. అన్నేండ్లు పక్కపక్కన కూసున్నం. ఆమెకొక కొడుకు పుట్టి పోయిండని నాకు అదే తెల్సుడు.

మా ఆయనకు ఆటో ఉండె. నలుగురం అండ్లనే పోయినం. బావ నారపల్లి నుంచి దవాఖాన దాక గులుగుతనే ఉన్నడు. "నీకేమన్న అయితె నాకు అన్నమెవరు పెడ్తరే?" అంటడు. అక్కడికి పోయినంక మాత్రం, "ఆమె ఏసుకుంటె నేను గూడ ఏసుకుంట, నా పేరు గూడ రాయిన్రి" అన్నడు. ఇద్దరి రక్తం తీసిన్రు. అక్కది మంచిగున్నది. బావకు షుగర్ మస్తు ఎక్కువున్నదని తేలింది. ఆ దినం దాక ఆయనకు షుగరున్నట్టే తెల్వదు. మందులు వాడుమన్నరు, పరీక్షల మాత్రం చేర్చుకోలే. "నా రక్తం పనికి రాదంట తమ్మీ" అని మా ఆయనకు చెప్పుకుంట, ముఖం చిన్నగ జేసుకొని ఆటోల కూసున్నడు.

అక్కతోని మాట్లాడిన డాక్టర్ చిన్న వయసాయన. ఓపికతోని చెప్పిండు. "సగం మందికి అసలు టీకా వేస్తామమ్మా. సగం మందికి మందు లేని ఉప్పునీళ్లు వేస్తాం. మీకు ఏది పడిందో మీకు చెప్పం. నాకూ తెలియదు."

"మీకు గూడ తెల్వదా?"

"తెలిస్తే నా చూపు మారిపోతుందమ్మా. టీకా పడ్డవాళ్లని ఒక రకంగా, పడనివాళ్లని ఇంకో రకంగా చూస్తాను. అందుకే నాకు కూడా చెప్పరు."

అక్కకు ఈ మాట మస్తు నచ్చింది. "మరి నాకేమన్న అయితె?" అని అడిగింది.

"మేమే చూసుకుంటాం. బెడ్డు, మందులు, అన్నీ మా బాధ్యత."

కాగితం మీద సంతకం పెట్టి సూది ఏసుకున్నది. వాపస్ వచ్చేటప్పుడు ఆటోల ఆలోచన జేసి జేసి అన్నది, "చూసినవా చెల్లె, మనుషులను ఒక్క తీరుగ చూడాల్నంటె ఎవరు ఏందో తెల్వకుండ దాచిపెట్టాలన్న మాట."

కంపెనీల కొన్ని దినాలు ఆమెకు మస్తు పేరొచ్చింది. కొందరు మాత్రం అన్నాల కాడ తమ డబ్బాలు దూరం జరిపిన్రు. ఆమె పట్టించుకోలే. దవాఖాన నుంచి ఒక పిల్ల ఫోన్ జేస్తుండేది. కోస్తా దిక్కు పిల్ల, మాట మెత్తగ ఉండేది.

"ఆంటీ, జ్వరం ఏమైనా ఉందా? దగ్గు? వాసన తెలుస్తోందా?"

"మా కంపెనీ గ్యాస్ వాసన తప్ప ఇంకేం తెల్వది బిడ్డా. నువ్వు తిన్నవా?"

ఆ పిల్లకు అటెన్క ఎంత మందికి ఫోన్ జేసేదున్నదో గని, అక్కతోని మాత్రం జర ఎక్కువ సేపే మాట్లాడేది. బావ ఎగతాళి జేసేటోడు, "నీ పెద్ద బిడ్డ ఫోన్ జేసింది పో" అని. అందరం రోగం పోయిందనే అనుకున్నం. పెండ్లిళ్లయినయి. మాస్కులు జేబులల్లకు పోయినయి.

తర్వాత ఎండాకాలం ఎట్లొచ్చిందో మీకు తెల్సు. మా కంపెనీ బంద్ కాలే, మందుల సీసలాయె. ఒక్కొక్క కుర్చీ ఖాళీ అయితున్నది. ముందుగాల బావకు జ్వరం, తర్వాత అక్కకు. పాజిటివ్ అని ఇద్దరు ఇంట్లనే ఉన్నరు. ఒక పొద్దుగాల అక్క ఫోన్ జేసి, "బావకు ఊపిరి ఆడ్తలేదు చెల్లె" అన్నది. మేము ముఖాలకు రెండేసి మాస్కులు కట్టుకొని ఆటో తీసినం. కంపెనీ గేటు కాడి ఆక్సిజన్ చూసే క్లిప్పు అడిగి తీస్కపోయిన. బావ ఏలుకు పెడ్తె అంకె ఎనభైల్లకు పడ్డది. అక్కది జర మంచిగనే ఉన్నది గని పెయ్యి కాలుతున్నది.

ఉప్పల్ దిక్కు తిరగని దవాఖాన లేదు. ఒక్క కాడ గేటుకే కాగితం అంటించిన్రు, బెడ్లు లేవని. ఇంకో కాడ గద్దె మీద ఉన్నోళ్లు చెప్పినోళ్లనే లోపటికి తీసుకుంటున్నరని గార్డు మెల్లగ చెవుల చెప్పిండు. మాకు తెల్సిన పెద్ద మనిషి మా కంపెనీ సేటు ఒక్కడే. ఫోన్ జేసిన. ఆయన అబద్ధం చెప్పలే. "మా అమ్మకే దొరకలేదమ్మా. ఎవరితోనో ఫోన్ చేయిస్తే దొరికింది. వాళ్లనే మళ్లీ అడిగి చూస్తా" అన్నడు. మళ్ల ఫోన్ రాలే. ఆయన మీద నాకిప్పటికి కోపం లేదు. ఆయనకు ఒక ఫోన్ నంబరున్నది, మాకు అది లేదు. గంతే తేడా.

ఎండ ఎక్కింది. ఆటో మెట్రో పిల్లర్ నీడకు ఆపినం. గప్పుడే అక్క ఫోన్ మోగింది. ఆ కోస్తా పిల్ల, ఎప్పటి తీరుగనే.

"ఆంటీ, జ్వరం ఏమైనా ఉందా?"

"ఉన్నది బిడ్డా. ఇద్దరికున్నది. దవాఖాన దొరుకుతలేదు."

"ఆంటీ, ఫోన్ పెట్టకండి. లైన్లోనే ఉండండి" అన్నది. ఎవరెవరితోనో మాట్లాడుతున్నది వినవడ్తున్నది. జర సేపటికి అరిసినట్టే అన్నది, "బెడ్డుంది ఆంటీ! వెంటనే వచ్చేయండి."

"దొరికింది, దొరికింది" అని అక్క సీటు మీద చేత్తోని కొట్టింది. మా ఆయన ఆటో తిప్పిండు. బావ కండ్లు తెరిచి నన్ను చూసి తల ఊపిండు. ఆ బెడ్డు ఎవరికి దొరికిందని మా నలుగురిల ఒక్కరికి గూడ తోచలే.

దవాఖాన వరండాల నేల మీద గూడ మనుషులున్నరు. ఆ చిన్న డాక్టరే బయటికొచ్చిండు. పెయ్యంత ప్లాస్టిక్ బట్టలు, గొంతును బట్టి గుర్తువట్టినం. వీల్‌చైర్ తెప్పిచ్చిండు. బావను దించబోతె చెయ్యి అడ్డం పెట్టి, "ఆయనకి కాదండీ. బెడ్డు ఆవిడకి" అన్నడు.

అక్కకు అర్థం కాలే. "నాకు మంచిగనే ఉన్నది సారూ. ఆయనకు ఊపిరి ఆడ్తలేదు."

"తెలుసమ్మా. కానీ ఇది పరీక్షలో ఉన్నవాళ్ల కోసం ఉంచింది. మీ పేరు మీదే ఇచ్చారు."

"నా పేరు మీద ఇచ్చిన్రు గద, నాదే గద? నా బెడ్డు మీద ఆయనను పండబెట్టుండి. నేను ఈడ కింద కూసుంట."

ఆయన లోపటికి పోయిండు. ఎవరెవరిని అడిగిండో, తిరిగొచ్చి తల అడ్డం ఊపిండు. ఆ ప్లాస్టిక్ అద్దాలెన్క కండ్లు ఎర్రగున్నయి. ఆయనది తప్పని నేననను. అక్క నేల మీద కూలవడ్డది. "నాకొద్దు. నేను పోను. పరీక్ష లేదు ఏం లేదు, నా పేరు కొట్టెయ్యిన్రి" అని ఏడుస్తున్నది.

గప్పుడు ఆటోల నుంచి బావ పిలిచిండు. ఒక్కొక్క మాటకు ఆగుకుంట, ఊపిరి కూడగట్టుకుంట చెప్పిండు.

"నువ్వు పోయే. ఒకళ్లు లోపటికి పోతెనే... ఇంకొకళ్లను గుంజొచ్చు. లోపట పెద్ద డాక్టర్లుంటరు. మంచిగ మాట్లాడు. నీకు మాటలొస్తయి గద."

అక్క ఆయన ముఖం చూసింది. నమ్మిందో, నమ్మాలని అనుకున్నదో. లేచి కొంగుతోని ముఖం తుడుచుకొని, "నేను పిలిపిస్త. ఈడనే ఉండుండ్రి, ఎటు పోవద్దు" అని మాకు చెప్పి వీల్‌చైర్‌ల కూసున్నది. తలుపు మూసేదాక మెడ తిప్పి చూస్తనే ఉన్నది.

జర సేపు ఆగినం. బావ పెదవులు నల్లబడ్తున్నయి. సర్కారు దవాఖానకు పోదామని మా ఆయన అంటె, బావ వద్దన్నడు. "ఆమె పిలుస్తది" అన్నడు. చివరికి మా ఆయన ఇనకుండనే బండి తీసిండు. సర్కారు దవాఖాన గేటు బయట గూడ అంబులెన్సులు, ఆటోలు, కార్లు వరుసగ ఉన్నయి. మా ఆయన కొబ్బరిబొండం కొట్టిచ్చుకొచ్చి బావ తల ఎత్తి తాపిండు. వరుస జర ముందుకు జరిగింది. మళ్ల ఆగింది. నేను బావ వీపు రాస్తున్న. చేతి కింద ఊపిరి ఆగింది. మా ఆయన అద్దంల నా ముఖం చూసి ఇంజన్ బంద్ జేసిండు. ఎన్కనున్న కారాయన హారన్ కొడ్తనే ఉన్నడు.

పొద్దుగూకక ముందే అక్క ఫోన్ జేసింది. గొంతుల ఆశ ఉన్నది. "చెల్లె, పెద్ద డాక్టరమ్మతోని మాట్లాడిన. ఎవరన్న ఇంటికి పోతె చూద్దామన్నది. బావకు చెప్పు, జర ఓపిక పట్టుమని."

ఇప్పుడే చెప్పొద్దని, ఆమె పానానికి మంచిది కాదని మా ఆయన సైగ జేసిండు. కాని ఆమె లోపట కూసుండి, లేని మనిషి కోసం ఒక్కొక్కరి కాళ్లు పట్టుకుంటుంటె నేనెట్ల ఇనాలె?

"అక్కా, బావ లేడు" అన్న.

ఫోన్ల అటు దిక్కు ఆక్సిజన్ నీళ్లల్ల బుడబుడమనే చప్పుడొక్కటే వినవడ్డది.

"ఏమన్న తాగిండా?" అని అడిగింది.

"మా ఆయన కొబ్బరినీళ్లు తాపిండు. రెండు గుక్కలు మింగిండు."

"మంచిగైంది" అన్నది. ఫోన్ పెట్టలే. నేను గూడ పెట్టలే.

అక్క బతికింది. బావ మన్నుల కలిసిన కొన్ని దినాలకు ఇంటికొచ్చింది. బిడ్డ వచ్చి నెల ఉండి తీస్కపోత అన్నది, ఆమె పోలే. మళ్ల వచ్చి నా పక్క కుర్చీల కూసున్నది. చేతులు ఎప్పటి తీరుగనే సీసలను తిప్పేటియి. అన్నాల కాడ మాత్రం వార్తలు చెప్పుడు బంద్ జేసింది. చెంగిచెర్ల పిల్ల ఏదన్న చదవబోతె, ఆమెను చూసి ఆ పిల్లే ఆగిపోయేది.

కొన్ని నెలలకు ఆ కోస్తా పిల్ల ఫోన్ జేసింది. ఎవరికేది ఏసిన్రో దాచిన సంగతి తెరిచిన్రంట. అక్కకు పడ్డది నీళ్లేనంట. ఇప్పుడు అసలు టీకా ఏస్తం, రమ్మన్నది.

చెంగిచెర్ల పిల్లకు పట్టరాని కోపమొచ్చింది. "నీళ్లేసి ఆడుకున్నరా నీతోని? పోకు అక్కా, ఉమ్మేసి రా వాళ్ల మీద."

"నీళ్లు ఎవరో ఒకరికి పడాలె గదనే. అందరికి మందే ఏస్తె అది పనిజేసిందో లేదో ఎట్ల తెలుస్తది?" అన్నది అక్క. "ఆ సంగతి నాకు ముందుగాలనే చెప్పిన్రు. నేను దానికి ఏడుస్తలేను." దేనికి ఏడుస్తున్నవని మేమెవ్వరం అడగలే.

ఈడ ఒక్క మాట చెప్పాలె. పరీక్షలు చెడ్డయని నేను చెప్తలేను. ఆ డాక్టర్ ఇచ్చిన మాట తప్పలే. ఇచ్చినంత మాట నిలవెట్టుకున్నడు. ఆ మాటల అక్క ఉన్నది, బావ లేడు. మన దేశంల ఊకె పుట్టి ఊకె బతికే మనిషికి ఎవరిచ్చిన్రు మాట? మీరు చదువుకున్న పిల్లలు, ఆలోచించుండ్రి.

టీకాకు నన్ను తోలుకొని పోయింది. ఆటో వద్దన్నది. ఆ దినం తర్వాత ఆమె మా ఆటో మళ్ల ఎక్కలే. బస్సుల పోయినం. ఆ కోస్తా పిల్ల మమ్ముల చూసి కుర్చీల నుంచి లేచి నిలవడ్డది. బక్కగ, మా చెకింగ్ పిల్లల వయసే ఉంటది. అన్ని దినాలు గొంతు తప్ప ముఖం ఎరుగరు ఒకళ్లదొకళ్లు.

"ఇంకో బెడ్డు అడిగాను ఆంటీ. అందరినీ అడిగాను. నేను..." అన్నది.

అక్క ఆమె రెండు చేతులు వట్టుకున్నది. "నాకు తెల్సు బిడ్డా. నువ్వు ఫోన్ జెయ్యకుంటె నేను గూడ ఉండకపోదును." అని, మళ్ల "దానికి సంతోషపడాల్నో లేదో ఇంకా తెలుస్తలేదు" అన్నది.

సూది ఏసిన్రు. బయట బెంచీ మీద జర సేపు కూసోమన్నరు. కూసున్నం. కండ్లు తిరుగుతున్నయా అని సిస్టర్ అడిగింది, లేదన్నది. అంతే, వచ్చేసినం.

ఉప్పల్ల దిగి నారపల్లి బస్సు కోసం నిలవడ్డం. ఎండ చల్లవడ్డది. జనం మళ్ల ఎప్పటి తీరుగ ఒకళ్లనొకళ్లు నూకుకుంటున్నరు. అక్క సూది పడ్డ భుజాన్ని మెల్లగ రాసుకుంట అడిగింది.

"ఇగ నాకు ఆ రోగం రాదంటవా చెల్లె?"

"రాదక్కా. వచ్చినా పానం మీదికి రాదంటున్నరు."

తల ఊపింది. వచ్చే పోయే బస్సులను చూస్తున్నది.

"అంటె ఇగ నేను చానా దినాలు బతకాలెనన్నట్టు" అన్నది.

బస్సు వచ్చింది. ఇద్దరం ఒక్క సీట్ల కూసున్నం. మా ఇంటికి నేను పీర్జాదిగూడల దిగాలె. స్టాపు వచ్చింది, పోయింది. నేను దిగలే. నారపల్లి దాక ఆమెతోనే పోయిన.